తెగింది, తెంచారు

ఇరవై ఆరేళ్ళుగా వార్తలు పంపుతున్నాను.
మొదట్లో తెల్లకాగితం మీద ఒకవైపే రాసి
కవర్లో పెట్టి, జిగురు లేకపోతే అన్నం మెతుకుతో అంటించి
సాయంత్రం అయిదున్నర రాజమండ్రి బస్సులో
డ్రైవరు అద్దం ముందు పెట్టేవాణ్ణి.
వానొస్తే నా వార్త తడిసేది.
తడిసినా మారేది కాదు.

ఇప్పుడు ఫోన్లో పంపుతాను.
తడవదు.
తెల్లారేసరికి మారి ఉంటుంది.

మొన్న వెదుళ్ళలంక దగ్గర ఏటిగట్టు పోయింది.
నేనూ కొల్లాబత్తుల విక్టరూ ఒకే బండి మీద వెళ్ళాం.
బండి అతనిది, పెట్రోలు నాది.
పేపర్లే వేరు.
ఒకే మోకాలిలోతు నీళ్ళలో నిలబడి
ఒకే వీఆర్వోని అడిగాం.
ఆయన నా వైపు తిరిగి ఒక మాట,
విక్టర్ వైపు తిరిగి ఇంకో మాట చెప్పాడు.
అనుభవం ఉన్న మనిషి.

మర్నాడు
నా పేపర్లో గట్టు తెగింది.
అతని పేపర్లో గట్టు తెంచారు.

నేను రాసింది రెండూ కాదు.
ఎలుక బొరియలు పూడ్చమని మూడేళ్ళు అర్జీలు పెట్టారనీ
ఇసుక లారీలు గట్టెక్కి తిరిగాయనీ రాశాను.
డెస్కులో కుర్రాడు ఫోన్ చేశాడు.
"మాస్టారూ, మూడేళ్ళంటే
అందులో ఏడాది మనవాళ్ళదే కదండీ?"
మనవాళ్ళు.
పెళ్ళిలో ఏ పంక్తిలో కూర్చోవాలో చెప్పినంత
మామూలుగా అన్నాడు ఆ మాట.
నేనూ "ఆయ్" అన్నాను.

హైస్కూల్లో చెప్పారు:
తెగు అకర్మకం, తెంచు సకర్మకం.
ఒకదానికి చేసినవాడు అక్కర్లేదు,
ఒకదానికి ఎవడో ఒకడు ఉండి తీరాలి.
మార్కుల కోసం బట్టీ పట్టాను.
ఆ వ్యాకరణం ఇంతమందికి జీతాలిస్తుందనుకోలేదు.

అసలు మా పేపర్లు వచ్చేసరికే
అందరికీ తెలిసిపోయింది.
రాత్రి రెండింటికే బొంతు ప్రవీణు
అరటితోటలో నిలబడి ఫోను పైకెత్తి
గండిని లోకానికి చూపించాడు.
చెయ్యి వణికింది, బొమ్మా వణికింది,
నేనింతవరకు అంత నిజమైన వార్త రాయలేదు.
అదే చేత్తో తెల్లవారుజామున
బ్యారేజీ గేటు కొట్టుకుపోయిందని పంపాడు,
ఎవరో తనకి పంపితే.
అది అబద్ధం.
అది విని పరిగెత్తి ఒక ముసలాయన
కొబ్బరితోట బోదెలో పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు.
ఆయన గురించి ఎవరమూ రాయలేదు.
ఏ పార్టీకీ పనికొచ్చే తుంటి కాదది.

రెండు పేపర్లలోనూ కలిసింది ఒక్కటే,
పదకొండో పేజీ అడుగున, చిన్న పెట్టెలో:
ధవళేశ్వరం దగ్గర, సాయంత్రం ఆరుకి,
పదిహేడు పాయింట్ తొమ్మిది అడుగులు.
ఆ అంకెని ఎటు తిప్పాలో
ఇంకా ఎవరికీ తట్టలేదు.

నీళ్ళు తీశాక మళ్ళీ వెళ్ళాం.
గుత్తుల పళ్ళాలమ్మ అరుగు మీద
మా పేపరూ వాళ్ళ పేపరూ పక్కపక్కన పరిచి
తడిసిన బియ్యం ఆరబోస్తోంది.
తెగింది మీద కొన్ని, తెంచారు మీద కొన్ని.
"నా గేదె పోయిందని వేశారాండి?"
వేశామన్నాను.
"ఏ పార్టీ గేదని వేశారండి?"

నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు.

ఆవిడ గోడ మీద బొగ్గుగీతలున్నాయి.
ఎనభయ్యారుది వాళ్ళత్త గీసింది.
రెండువేల ఆరుది మొగుడు గీసి, ఆ చలికాలమే పోయాడు.
ఈ ఏడుది ఈవిడ, కాస్త వంకరగా.
మా జేబుల్లో ఎప్పుడూ ఆరంగుళాల స్కేలుంటుంది,
అచ్చయిన వార్త కత్తిరించి, కొలిచి
నెలాఖరుకి లెక్క పంపడానికి.
మాకు డబ్బులు అంగుళాల్లో.
ఎందుకో తీసి గోడకి ఆనించాను.
నేల నుంచి ఆరుసార్లు, ఆపైన అయిదంగుళాలు.

పళ్ళాలమ్మ బియ్యం కెలకడం ఆపి చూసింది.
"అంగుళానికి ఎంతిస్తారండి?"

రోడ్డు మీద విక్టర్
హారన్ కొడుతున్నాడు.