ఏ మలూమె?

కోమాని కోర్టులో నా కొలువు పేరు మధ్యవర్తి.
పెద్దవాళ్ళ ప్రశ్నలోంచి ముళ్ళు ఏరేసి
చేపముక్క పెట్టినట్టు పిల్లలకి అందించడం నా పని.
అటు కోర్టు హాలు. ఇటు మూసిన గదిలో
నేను, కెమెరా, రెండు పొట్టి కుర్చీలు,
ఒక చెవి ఊడిన కుందేలు బొమ్మ.

ఈ పాప పేరు పైకి అనకూడదు. చట్టం దాచిపెట్టింది.
అతని పేరునేమో రుజువు చెయ్యాలి.

"మలూమె" అంది.
మలూమె అంటే అమ్మ తోడబుట్టినవాడు.
మా వీధుల్లో రొట్టెలమ్మేవాడూ మలూమే,
టాక్సీ తోలేవాడూ, కరెంటు మీటరు చూసేవాడూ మలూమే.
డిఫెన్సు లాయరు డయాని నా చెవి తీగలోంచి
గొంతు పెంచకుండానే అడిగాడు:
"ఏ మలూమె? ఊరంతా వాళ్ళే కదా!"
న్యాయమైన ప్రశ్న. నా కష్టమంతా అదే.
వేరేవాడిని లోపలేస్తే
అసలువాడు రేపు ఇంకో ఇంట్లో మలూమె అవుతాడు.

ముళ్ళు తీశాను. "ఆ మలూమె ఎలా ఉంటాడమ్మా?"
"ఎత్తుగా."
ఏడేళ్ళ మనిషికి లోకమంతా ఎత్తే.

తెర మీద అతన్ని చూపించారు.
నీలం సూటు, నున్నగా గీసిన గడ్డం, ఒళ్ళో బైబిలు.
చాలాసేపు చూసింది.
"ఈయన టై కట్టుకున్నాడు. మలూమెకి టై లేదు."
హాల్లో ఎవరో కలానికి మూత పెట్టిన చప్పుడు
నా చెవిలో టక్కుమంది.

భోజన విరామం అన్నారు.
స్పీకరు కట్టెయ్యడం ఎవరో మరిచారు.
కుర్చీలు జరిగాయి. బూట్లు. దగ్గు.
తర్వాత ఒక ఈల. రెండు స్వరాలు పలికి
మూడోది మింగేసిన ఈల.

తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ.
బల్ల కింద పాప,
కుందేలు నోరు అరచేత్తో మూసి.
కుందేలు నోరు. తనది కాదు.

వేలెత్తి చూపలేదు. పేరు పలకలేదు.
విరామంలో జరిగింది జరగనట్టే లెక్క.
నేను సాక్షిని కాను, గొట్టాన్ని.
ఈ కొసన పడ్డ మాట ఆ కొసన తేలాలి, అంతే.
ప్రమాణం చేసి ఒప్పుకున్నదే.

రెండింటికి మేజిస్ట్రేట్ పీటర్సెన్ వచ్చి కూర్చుంది.
"సాక్షి సిద్ధమేనా?"
పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి
అడగని మాట నా నోట వచ్చింది:
"లేదమ్మా. బల్ల కింద ఉంది.
ఒక ఈల విని వెళ్ళింది.
ఆ ఈల ఎవరిదో నాకు కనపడలేదు.
హాల్లో ఉన్నవాళ్ళకి కనపడే ఉంటుంది."

డయాని అభ్యంతరం అంటూ లేచాడు. లేవాల్సిందే.
గుమస్తా వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి.
పీటర్సెన్ కళ్ళద్దాలు తీసి తుడిచింది,
తుడిచినవే మళ్ళీ తుడిచింది.

వంగి చూశాను.
చెయ్యి ఇంకా కుందేలు నోటి మీదే ఉంది.
తియ్యమని నేను అనలేదు.