నేల యాడుందో

తర్లుపాడు రోడ్డు పక్క గుడిసెలో
దూదేకుల పీరయ్య విల్లు మోగితే
బజారు బజారంతా తుమ్మేది.
టంగు టంగుమని తీగ కొట్టుకుంటా ఉంటే
పీరయ్య కనపడడు, గోడ కనపడదు,
కొడుకు దస్తగిరి మాత్రం
తెల్లటి దుమ్ములో ఒక నల్లటి తలకాయ.

బళ్ళో నేను వాడి పక్కనోణ్ణి.
గని నుంచి మా నాయన తెచ్చిన పగులు పలకని
చెరి సగం చేసుకున్నాం.
చట్రం లేదు, అంచుకి వేళ్ళు తెగేవి.
వాడు అక్షరాలు దిద్దేవాడు కాదు.
నలుపు మీద అడ్డంగా గీత గీసి
"ఇది నేల" అనేవాడు.
పైన సున్నా చుట్టి "ఇది నేను."
అయ్యవారు ఆ సున్నాకే చెవి మెలేసేవారు.

మిగతాదంతా ఉత్తరాల్లో తెలిసింది.
విమానం తోలడం నేర్చాడని,
ధ్రువం అంచున ఏదో కంపెనీలో చేరాడని,
చక్రాలు పీకి చెక్కలు కట్టుకుని
గడ్డకట్టిన సముద్రం మీద దిగుతాడని,
చిక్కుకున్నోళ్ళని ఎత్తుకొస్తాడని.
ఊళ్ళో నమ్మింది ముగ్గురం:
వాళ్ళమ్మ, నేను, పోస్టుమాను.
పోస్టుమాను నమ్మింది
స్టాంపు మీద తెల్ల ఎలుగుబంటిని చూసి.

అరవై దాటాక వచ్చాడు.
ఎడమ చేతికి మూడే వేళ్ళు,
రోహిణి కార్తెలో స్వెట్టరు.
శాలువా కప్పి, మైకు చేతికిచ్చి
ఎంతమందిని కాపాడారని అడిగితే
"లెక్క ఆఫీసులో ఉంటుంది" అని కూర్చున్నాడు.
జనం నిరాశగా బూందీ తినిపోయారు.

ఆ రాత్రి మా మిద్దె మీద నోరు విప్పాడు.
"చలి కాదురా ఎలమందా, తెలుపు.
పైనా అదే, కిందా అదే,
మధ్యన మనం గీసిన గీత లేదు.
నేల పదడుగుల్లో ఉందో
వెయ్యడుగుల్లో ఉందో కన్ను చెప్పదు,
కడుపు అబద్ధం చెబుతుంది.
అచ్చం మా గుడిసే.
ఇంజను మోత వింటా
నాయన పక్కనే ఉన్నాడనుకునేవాణ్ణి.

ఆ రోజు కింద ఏడుగురు. ఓడ నలిగిపోయింది.
మంటేశారు గానీ, పొగ కూడా తెల్లదే.
మసో, టీ పొడో, నల్లటిదేదన్నా చల్లమందామంటే
రేడియో చచ్చింది.
జేబులో నా సగం పలక ఉంది.
చేతిజోడు లాగేసి, కిటికీ తోసి
విసిరేశాను.
పోయింది, పోయింది, నల్లగా పోయింది,
ఒకచోట ఆగింది.
ఆగిన చోటు నేల."

వేళ్ళ సంగతి నేనడగలేదు.
"ఆరుగురు బతికారు" అన్నాడు కాసేపాగి.
"ఏడోవాడు దారిలోనే...
వాడి పేరు పలకడం నాకింకా రాదు."

మన గని రాయి ఒకటి
అక్కడ మంచు కింద ఉందన్నమాట.
గని దుమ్ము మాత్రం నాలోనే ఉంది.
ముప్పై నాలుగేళ్ళు కోసిన దుమ్ము.
మొన్న ఒంగోలు డాక్టరు ఎక్స్‌రే తీశాడు,
ఊపిరితిత్తులు రెండూ తెల్లగా,
పొగమంచు పట్టినట్టు.

దస్తగిరి దాన్ని కిటికీకి ఆనించి
చాలాసేపు చూశాడు.
ఏమన్నా అంటాడేమోనని నేను,
ఏమీ అనకుండా వాడు.
కళ్ళు చికిలించి, తల వాల్చి,
దిగే చోటు వెతుకుతున్నట్టు.

"నీ సగం ఏదిరా?" అన్నాడు చివరికి.
ఉప్పు జాడీ మీద మూత, చెప్పాను.
వాడికి నవ్వొచ్చింది.
నాకు దగ్గొచ్చింది.
వాడు లేచి వంటింట్లోకి పోయాడు.
జాడీ మూత తీసిన చప్పుడు,
నీళ్ళతో కడుగుతున్న చప్పుడు.