కన్నం పడ్డ సంతకం

ముప్పై రెండేళ్లు నరసాపురం బ్రాంచిలో
నా పని ఒక్కటే.
చెక్కు మీది సంతకాన్ని
కార్డు మీది సంతకం పక్కన పెట్టి
మీరిద్దరూ ఒక్కరేనా అని అడగడం.

రిటైరయ్యాకా కళ్లు ఊరుకోలేదు.
పాలకొల్లులో పాత కాగితాల ఖాజావలి
కాటాలో వేస్తున్న కట్టలోంచి ఒకటి లాగాను.
ఫిలడెల్ఫియా, పద్దెనిమిది వందల ముప్పై ఆరు,
ఏదో బ్యాంకులో పది వాటాలు.
ఓడల ఏజెంటెవరో పెట్టె అడుగున పరుచుకున్నాడట.
"చెదలు కూడా ముట్టలేదండి, ఆయ్,
ఆ సిరా చేదేమో!"
నలభై రూపాయలు తీసుకున్నాడు.

అక్కణ్ణుంచి పట్టుకుంది జబ్బు.
బీరువాలో ఇప్పుడు పదిహేడు బ్యాంకులు,
ఒక్కదానికీ తలుపుల్లేవు.
"దివాలా తీసినోళ్లందరికీ
మనిల్లే దొరికింది" అంటుంది మా ఆవిడ.

ఆ మొదటి కాగితమే ఇప్పటికీ నాకు ముద్దు.
ప్రెసిడెంటు పేరు చివర తోక
మూడు మెలికలు తిరిగి
తన పేరును తానే కౌగిలించుకుంటుంది.
క్యాషియరుది పిసినారి సంతకం,
సిరాకి కూడా వడ్డీ కట్టినట్టు.
రెండిట్లోనూ నడిమధ్యన
మొన దించిన కన్నం.
లెక్క తేలిపోయాక అలా పొడిచేవారట.
మూసేసిన ఖాతాల మీద
ఎర్రగీత గీసింది నేనే కదా,
వాటిలో ఎన్ని చనిపోయినవాళ్లవో
అప్పుడు లెక్కపెట్టలేదు.

నిన్న మధ్యాహ్నం
మా ఆవిడ పొదుపు సంఘంలో వాయిదా కట్టడానికి
కొల్లాబత్తుల దీనమ్మ వచ్చింది, చంకలో లేసు సంచి.
సంతకాల వంక చూడనే లేదు.
"ఈ అంచు ఎవరు అల్లేరండీ?"
అల్లలేదమ్మా, రేకు మీద చెక్కి అచ్చేశారన్నాను.
నమ్మలేదు.
గోరుతో మెల్లగా చుట్టూ నడిచింది.
ఆరు గొలుసులు, ఒక ముడి,
ఆరు గొలుసులు, ఒక ముడి,
ఎడమ మూల దగ్గర ఆగిపోయింది.
"ఇక్కడ అయిదే. తొందరపడ్డాడు."

భూతద్దం పెట్టి చూశాను.
అయిదే.
ఇన్నేళ్లుగా ఆ అంచును
నేను చట్రమనే అనుకున్నాను.

"మరీ కన్నం? ఎలకా?"
కాదు, ఇక చెల్లదని గుర్తు.
కాసేపు ఆలోచించింది.
"మాకైతే కన్నం చుట్టూనే
అల్లిక మొదలవుద్దండి."

వాయిదా ఇచ్చి, పుస్తకంలో సంతకం పెట్టింది.
పాత అలవాటు, నా కళ్లు
తొంభైల నాటి కార్డును వెతుక్కున్నాయి.
అప్పట్లో ఆ మావత్తు తోక
ఇంత వణికేది కాదు.
సూది పట్టిన వేళ్లు, కీళ్లు ఉబ్బాయి.

సరిపోలేదు.

పాస్ చేశాను.