ఆరంకెల ఫోను నంబరు

ఆదివారం, ఇంకా ఆరు కాలేదు.
కళింగపట్నం రేవులో పదకొండుమంది.
లైట్‌హౌసు ఆరలేదు.
పన్నెండోవాణ్ణి నేను,
చెప్పులు విప్పాలో వద్దో తెలీక ఇసకంచున నిలబడ్డాను.
కొట్టు మూసి వచ్చినవాణ్ణి కదా,
చెయ్యి ఇంకా కాటా కోసం తడుముతోంది.

పుణ్యవతి ఒక సంచి ఇచ్చింది,
పాత యూరియా బస్తా. అదీ ప్లాస్టిక్కే.
నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.
"ఇది వంద ఆదివారాలు పన్జేస్తాది బావూ,
నీ షాంపూ పొట్లం ఒక తలకి సరి."

వంశధార వరద తీసి నాలుగు రోజులు.
ఏరు ఏ ఊళ్ళమీంచి వచ్చిందో
ఒడ్డు చూసి చెప్పొచ్చు.
గొట్టా దగ్గర తెగిన చెప్పు,
హిరమండలంలో ఎవరి పెళ్ళివో గ్లాసులు,
సెలైను సీసా,
ఒక బొమ్మ తల, తిప్పితే ఒక కన్ను ఇంకా మూసి తెరుస్తోంది.
వల ముక్కలు మాత్రం మావే.
వాటిని లచ్చుమయ్య ఎవర్నీ ముట్టనివ్వడు.
మోకాళ్ళమీద కూచుని
ఒక్కో ముడీ తన గోళ్ళతోనే విప్పుతాడు,
పోయినవాడి మొలతాడు విప్పినట్టు.

మొదటి గంటా ఊరివాళ్ళ చెత్తే ఏరాను.
కొంచెం గర్వంగానే ఏరాను.

అప్పుడు, పీత బొక్క పక్కన, తెల్లగా ఒక చెవి.
లాగాను. ఇసక లాగనివ్వలేదు.
రెండు చేతుల్తో లాగితే వచ్చింది.
ఎర్ర అక్షరాలు:
శ్రీ నీలమణి కిరాణా, కళింగపట్నం.
కింద ఆరంకెల ఫోను నంబరు.

రెండువేల సంచులు
బరంపురంలో అచ్చేయించి
బస్సు టాపుమీద కట్టి తెచ్చాను.
అగ్గిపెట్టె కొన్నా సంచి ఇచ్చాను,
వద్దన్నవాళ్ళకీ ఇచ్చాను.
పేరు నాలుగూళ్ళూ తిరగాలని.
తిరిగింది.

ఆ ఫోను తీసేశారు.
అప్పుల పుస్తకంలో సిరా వెలిసిపోయింది,
బాకీదార్లలో కొందరు పోయారు,
కొట్టుమీద తాటాకు పోయి రేకు వచ్చింది,
తిత్లీకి ఆ రేకూ లేచిపోయింది.
సంచి మాత్రం
నిన్న సాయంత్రం పప్పు పోసి ఇచ్చినట్టే ఉంది.

చటుక్కున మడిచి జేబులో పెట్టుకున్నాను.
రాజులమ్మ కళ్ళు చేపల బేరంలో రాటుదేలిన కళ్ళు.
"ఏటి బావూ దాసేస్తన్నావు, బంగారమేటి?"
తీసి చూపించాల్సి వచ్చింది.
ఆమె తడిచేత్తో అక్షరాలు తడిమింది. చదువు రాదు,
అయినా పోల్చింది.
"మా ఇంట్లో ఇదొకటుంది బావూ.
మా గుంటదాని పుట్టినకాయితం అందులోనే సుట్టి పెట్టినాను.
తుపానుకి ఇల్లంతా నానిపోనాది,
అదొక్కటే తడవలేదు."

నేనేం అనాలి?
ముప్పయ్యేళ్ళుగా తూచుతున్నవాణ్ణి,
ఇది ఏ పళ్ళెంలో వెయ్యాలో తెలీలేదు.

ఎండెక్కాక బస్తాలు తూచాలన్నారు.
మా కొట్టు కాటాయే తెచ్చారు, ముల్లుది.
నా కాటామీద
ఎవరూ ధర అడగని సరుకు
అదే మొదటిసారి.
ఒక్కో బస్తా పలికాను, పుణ్యవతి రాసుకుంది,
మొత్తం అరవై మూడు కిలోలు.
ఆఖరి బస్తా దించకముందు
జేబులోది తీసి దానిమీద వేశాను.

ముల్లు కదల్లేదు.

సోమవారం కొట్టు తీశాను.
షాంపూ పొట్లాలు ఎప్పట్లాగే గుమ్మానికి తోరణాలు.
ఒక కుర్రాడు రూపాయి బిళ్ళ పెట్టాడు.
చింపి ఇస్తూ "ఖాళీది తెచ్చియ్యరా" అన్నాను.
వాడు నావైపు
ఎండదెబ్బ తగిలినవాణ్ణి చూసినట్టు చూశాడు.

అరుగుమీద నూనె డబ్బా ఒకటి పెట్టుకుని
దీపాలవేళ దాకా కూచున్నాను.
ఒక్కటే పొట్లం వచ్చింది,
అదీ
నేను అమ్మింది కాదు.