రొద

డులూత్‌లో ఏప్రిల్ అంటే వసంతం కాదు,
సరస్సు మీద మంచు ఇంకా మంకుపట్టు పట్టే నెల.
ఆ మధ్యాహ్నం ఐలీ సావెలా నా కొట్లోకొచ్చి
బూట్ల బురద పట్టాకు రాసి
"రెండూ దించు" అంది.

ఏ రెండో మా ఇద్దరికీ తెలుసు.
ఇనుప ఖనిజం ఓడలకెత్తే రేవులో పని దిగి
ఇంటికెళ్తూ నెల్లాళ్లుగా చూస్తోంది,
అద్దానికి అవతల నిలబడి, లోపలికి రాకుండా.

మొదటిది పలక.
నిజంగా పలకే. వెన్నరంగు పూత,
నాలుగు మరలతో బిగించిన మెడ,
సైకిల్ చక్రంలా ఊడదీసి
తుడిచి మళ్లీ బిగించుకోవచ్చు.
మీటితే పచ్చి ఉల్లిపాయ కొరికినట్టు.
వేలు తప్పితే కప్పిపుచ్చదు,
వీధికంతా వినబడేలా చెబుతుంది.

రెండోది మహాగని, పైన మేపుల్ రేకు.
నడుమ ఎరుపు, అంచులకొచ్చేసరికి మాడిన నలుపు.
మెడకీ ఒంటికీ జిగురుతో పెళ్లి.
తొమ్మిదిన్నర పౌన్లు, భుజానికి తెలుస్తుంది.
ఒక్క స్వరం మీటి
వెనక్కెళ్లి కాఫీ పోసుకుని రండి,
అదింకా అక్కడే ఉంటుంది
ఆరని కుంపటిలా.

ఒక మాట చెప్పాల్సింది, చెప్పలేదు.
దాని తల ఒకసారి విరిగింది.
క్లెటస్ అనేవాడు బార్‌లో కుర్చీకి ఆనించి
బీరు తెచ్చుకోవడానికి లేచాడట.
మూడు రాత్రులు బిగింపుల్లో పెట్టి నేనే అతికించాను.
గోటితో తడిమితే తప్ప గీత దొరకదు.
ఐలీ గోటితో తడిమింది.
ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ముప్పయ్యొక్కేళ్లు క్రేన్ మీటలు లాగిన చెయ్యి.
చూపుడువేలు సగమే ముడుచుకుంటుంది.
నా లెక్క నేను వేసేశాను:
"మహాగనిది తీసుకో. మెడ పొట్టి, వేళ్లకు సుఖం.
పైగా రొద ఉండదు.
రెండు తీగచుట్లు ఎదురెదురు పెట్టి
రొదను రొదతోనే చంపేశారు."
"ఎవరు?"
"ఎవరో ఇంజినీరు. ఎప్పుడో."

ఆమె పలకను తగిలించుకుంది.
ట్యూబ్‌లైట్ల కింద అది గొణగడం మొదలెట్టింది,
పాత ఫ్రిజ్‌లా, పక్కగదిలో ప్రార్థనలా.
ఐలీ మీటలేదు.
ఎత్తుపీట మీద కూర్చుని
మెల్లగా, బెత్తెడు బెత్తెడు చొప్పున తిరిగింది.
తూర్పుకు కాస్త పక్కగా తిరిగేసరికి
రొద ఆగిపోయింది.

కిటికీ అద్దం. వీధి. వీధి చివర సరస్సు,
పగిలీ పగలని మంచు.

వెనక్కి తిరిగింది, రొద.
ముందుకు తిరిగింది, మౌనం.
కుళాయి తిప్పడం కొత్తగా నేర్చిన పిల్లలా
అయిదారుసార్లు.

నలభై ఏళ్ల కొట్టు నాది, ఇది తెలియని సంగతి కాదు.
ఎవరడిగినా చెప్పేవాణ్ణి,
లోపం కింద చెప్పేవాణ్ణి.

"దీనికి దిక్కు తెలుసు" అంది ఐలీ.
మహాగని వైపు చూసి గొంతు తగ్గించింది,
అది వింటుందేమోనన్నట్టు:
"అది ఎటు తిరిగినా ఒకటే కదా.
పాపం, దిక్కులేనిది."

స్నోమొబైల్ అమ్మిన డబ్బు, కవరులో, మడతలు పడి.
నలభై డాలర్లు తగ్గించమంది. తగ్గించాను.
భుజం పట్టీ ఊరికే ఇమ్మంది. అదీ ఇచ్చాను.
వేలి సంగతి అడిగితే
"అదే నేర్చుకుంటుందిలే" అని
తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి షట్టరు దించాక
మహాగనిదాన్ని తగిలించుకుని నాలుగు గోడల వైపూ తిరిగాను.
ఎటు తిరిగినా బుద్ధిగా ఉంది.
నా గోరు మాత్రం దానంతటదే
గీత దగ్గరికి వెళ్లి ఆగింది.

పొద్దున్నే ధర చీటీ తిప్పి
వెనకవైపు పెన్సిల్‌తో రాశాను:
తల విరిగింది. అతికించాను.
కాసేపాగి, చీటీని ముందుకు తిప్పి
అక్కడ కూడా రాశాను.