గాదె పక్కన గాదె

మొదట ఒక బీరువా.
అంతే లైబ్రరీ.
ఛాన్సలర్ గదిలో, బొగ్గుపొయ్యి పక్కన,
శనివారం మధ్యాహ్నం గంటసేపు తెరిచేవారట.
తాళంచెవి గ్రీకు చెప్పే ఎజ్రా టిల్లట్‌సన్ కోటు జేబులో.
ఆయనకి జలుబు చేస్తే
ఆ వారం ఈ కాన్సస్ మూలకి చదువు లేనట్టే.

ఒక ఫిబ్రవరి రాత్రి అంటుకుంది.
మంచు తవ్వి నీళ్ళు తోడేలోగా సగం బూడిద.
మిగిలిన సగాన్ని పిల్లలు
గడ్డిబళ్ళ మీద వేసుకుని చర్చికి చేర్చారు.
అంచులు మాడిన ఆ పుస్తకాలు ఇప్పుడు నా దగ్గరే,
పద్నాలుగో వరసలో.
తెరిస్తే కంటికంటే ముందు ముక్కుకి తెలుస్తుంది.

రైతుల పన్నులతో సున్నపురాతి మేడ లేస్తుంటే
"గింజలకి కొట్లు లేవు గానీ
కాగితాలకి కోటా?" అని లేచాడట ఒక సభ్యుడు.
ఆ మాట మినిట్స్ పుస్తకంలో ఉంది.
మినిట్స్ పుస్తకం ఆ కోటలోనే ఉంది.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు
కుర్చీలు చాలక మెట్లమీద కూర్చుని చదివారు.
పదిలక్షలో పుస్తకం వచ్చినరోజు కేకు కోశారు.
అది ఏ పుస్తకమో ఎవరికీ గుర్తులేదు,
కేకుకి మాత్రం ఫోటో ఉంది.

నా పని చెప్పలేదు కదూ.
ఊరి చివర, ధాన్యం ఎలివేటర్ పక్కన,
కిటికీల్లేని రేకుల గిడ్డంగిలో
ముప్పై అడుగుల ఎత్తుకి లిఫ్టుబండి నడుపుతాను.
మేడలో కాఫీ బల్లలకి చోటు కావాలని
ఎవరూ అడగని పుస్తకాల్ని ఇక్కడికి తోలతారు.
ఇక్కడ వేదాంతమూ పశువైద్యమూ ఒకటే,
పొడుగే కులం.
పొడుగుని బట్టి పెట్టె, పెట్టెని బట్టి నంబరు.
రోహిణీకార్తెలో కూడా స్వెట్టరు విప్పను.

పక్క గాదెలో గోధుమలు,
ఈ గాదెలో మనం.

అవును, మనమే.
అరవైల్లో ఇక్కడి గోధుమ ఓడలెక్కింది.
విశాఖ రేవులో దిగి
వరన్నం తప్ప ఎరగని నోళ్ళని
రేషను క్యూల్లో నిలబెట్టింది.
ఆ బాకీ కింద పోగైన రూపాయలు
డాలర్లు కాలేక, సముద్రం దాటలేక,
కొన్ని పుస్తకాలై దాటాయి.
గోనెపట్టా కట్టలు, లక్కముద్రలు,
తెనాలి ప్రెస్సుల సిరా వాసన,
పేజీల మధ్య అణిగిన ఒక చెదపురుగు.

కట్టలు విప్పినావిడ హెల్గా స్ట్రోమ్‌క్విస్ట్.
తెలుగు ముక్క రాదు.
భూతద్దం, అట్ట ఊడిన నిఘంటువు, ఆవిడ మొండితనం.
అక్షరానికి తలేదో కాలేదో తెలియక
మొదటి నెలంతా
నంబరు చీటీలు తలకిందులుగా అతికించింది.
ఇరవై ఏడు పుస్తకాలు ఇంకా శీర్షాసనంలో ఉన్నాయి.
సరిచెయ్యమని కాగితం వచ్చింది.
నాకు తీరిక దొరకలేదు, దొరకదు.

మొన్న జూన్‌లో ఒక పెట్టె జారింది.
పందొమ్మిది సెంటీమీటర్ల పెట్టె.
అందులోంచి పల్చగా,
ఏలూరు మహిళా సమాజం వారి ప్రచురణ,
వెల నలభై పైసలు:
గోధుమలతో వంటలు,
అన్నం మానలేని వారికి.

నవ్వాను. సిమెంటు నేలమీద చతికిలబడి చదివాను.
వెనక అట్ట లోపల, తారీకుల చీటీమీద
ఒకే ఒక్క ముద్ర:
నవంబరు పన్నెండు, డెబ్భై ఒకటి.
పద్దెనిమిదో పేజీ, రవ్వ పులిహోర పక్కన
పెన్సిలుతో,
పలకమీద పసిపిల్ల దిద్దినట్టు:
"ఉపపు ఎకకువ."

ఒత్తులు ఆవిడకి అందలేదు.
ఉప్పు అందింది.

ఆవిడేనని రుజువేమీ లేదు.
ఇంకెవరు, ఈ ఊళ్ళో, ఆ నవంబరులో?

పెట్టెలో పెట్టేశాను.
స్కానర్ టిక్కుమంది.
బయట ఎలివేటర్ ముందు కోతల లారీల బారు,
తలుపు సందులోంచి గోధుమ నూగు
ఎగిరొచ్చి పెట్టెమీద వాలింది.
రూలు ప్రకారం వెంటనే తుడవాలి.

కాసేపు ఆగి తుడిచాను.