ముద్ర ఇనుము

యలహంకలో, మూడో అంతస్తులో,
గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నది
మా అబ్బకు అబ్బ, చౌడప్ప ముద్ర ఇనుము.
మూరెడు కాడ, కొనకు నెలవంక,
వంక కడుపులో ఒక చుక్క.
చుక్క సగం అరిగింది.
పనిచేసే గౌరమ్మ చీపురుతో నెట్టినప్పుడల్లా
టైల్స్ మీద ఒక గీత.

ఆయనకు చదువు రాదు.
రాసిందల్లా ఈ ఒక్క అక్షరమే,
అదీ తోలు మీద, పొగతో.

చిక్కజాల దాటితే అప్పుడంతా బీడు.
ఎవడు దొడ్డి కడితే వాడిది,
ఎవడు తెల్లారేదాకా నెగడు ఆరనివ్వకపోతే వాడిది.
పదకొండు ఆవులతో మొదలు.
తుమ్మకంప నరికి కంచె వేసి వస్తే
సాకమ్మ సూదితో ఆయన అరచేతుల్లో ముళ్ళు తీస్తూ
ఒక్కో ముల్లుకు ఒక్కో పేరు అడిగేదట:
కర్రి, బొల్లి, మైల, చెవుల పుల్ల,
ఇంకా పేరు పెట్టని తొలిచూలుది.

చిరుత కోడెను ఈడ్చుకుపోయిన ఏడు
ఆయన పడక కంచె బయటికి మారింది.
"నాకన్నా దూడలే ముద్దయ్యాయా?" అందట ఆమె.
"చిరుతకు నాకన్నా అవే రుచి" అన్నాడట ఆయన.
మా ఇంట్లో పెళ్ళిళ్ళప్పుడు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాం.

ఆ బీట్లో అంతకు ముందు మేకలు మేసేవి.
మేకలవాళ్ళు ఎటు పోయారు, ఎట్లా పోయారు అని అడిగితే
మా అబ్బ వక్క నోట్లో వేసుకునేవాడు.
వక్క నమలడానికి చాలాసేపు పట్టేది.

దండులో ఫిరంగి బండ్లకు ఎద్దులు కావాలి.
గుమాస్తా పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు,
రూపాయలు ఎంచుతాడు.
చౌడప్ప ఒక్కొక్కటీ రాతి మీద మోగించి
సంచిలో వేసుకుని
ఇల్లు చేరేదాకా నోరు విప్పడు.
"ఓహో రారా" అంటే తప్ప కదలని జతలు
తుంటి మీద నెలవంకతో
ఎవరి కేకకు కదిలాయో, ఏ బురదలో.

ధాత కరువు నాటికి నూట నలభై తలలు.
చొప్ప అయిపోయింది. గుడిసె కప్పు పీకి మేపాడు.
అదీ అయిపోయిన పొద్దున
దొడ్డి తడిక తీసి పక్కకు నిలబడ్డాడు.
అవి కదల్లేదు.
ఆయన్నే చూస్తున్నాయి,
నీళ్ళకు తోలతాడేమో అన్నట్టు.
అప్పుడు వంగి రాయి తీసుకున్నాడు.
ఒకటి కాదు.
సాయంత్రానికి భుజం వాచిందని సాకమ్మ చెప్పింది.
కాపడం పెట్టనివ్వలేదని కూడా.

రెండేళ్ళకు మైల వచ్చింది,
వెంట ఒక దూడ.
తుంటి మీద నెలవంక, దాని మీద
ఎవరిదో నాలుగు పలకల ముద్ర.
పలకల మనిషిని వెతుక్కుంటూ తొమ్మిది రోజులు నడిచి
దేవనహళ్ళి అవతల మునిచిన్నప్పను పట్టుకున్నాడు.
"నీది" అన్నాడు ఈయన.
"నీ ఇంటికే కదా వచ్చింది" అన్నాడు ఆయన.
పాలు పితికే పొద్దు దాటిపోయింది,
మైల పొదుగు బిగిసి అరుస్తోంది,
ఇద్దరు మగాళ్ళూ ఇంకా నిలబడే ఉన్నారు.
చివరికి మునిచిన్నప్ప భార్య
చెంబు పట్టుకుని వచ్చి కూర్చుంది.

ఆవు ఎవరి దగ్గర ఉండిపోయిందో
రెండు రకాలుగా చెబుతారు.
దూడకు మాత్రం ఎవరూ ముద్ర వేయలేదట.
ఆ తర్వాత ఆయన ఈ ఇనుమును
నిప్పులోనే పెట్టలేదట.
మరి చుక్క ఎందుకు అరిగిందో
నేను అడగలేదు. అడిగే వయసు వచ్చేసరికి
వక్క నమిలే నోరు లేదు.

నిన్న మా గేటు దగ్గరికి ఒక ఆవు.
కుండీలో మందారం సగం తినేసింది.
వాచ్‌మన్ వంగి రాయి తీసుకున్నాడు.
ఆవు కదల్లేదు.
నేను బాల్కనీలోంచి వద్దని అరవాల్సింది,
దాని తుంటి వైపు చూస్తూ ఉండిపోయాను.
ఏమీ లేదు.
చెవికి పసుపు బిళ్ళ,
దాని మీద పన్నెండు అంకెలు.
ఇంత దూరం నుంచి
చదవడం నాకూ రాలేదు.